కుటుంబ వైద్యునికీ ఉంది ప్రగతి నివేదిక

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు. ఏటా ఈ రోజున మనం డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు నాకన్న బాగా చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు మాత్రం నన్ను పట్టుకుని, "ఇంగ్లండు వెళ్ళి వచ్చారు కదా, అక్కడి వైద్యం గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు.

నేను డాక్టరును కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో రిటైరయ్యేదాకా గుమాస్తాగానే బతికినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన వైపు నుంచే, అంటే రిపోర్టులు, రిజిష్టర్లు, ప్రొబేషను వైపు నుంచే మాట్లాడతాను. కుటుంబ వైద్యుడుగా తయారవుతున్న డాక్టరు పనికివచ్చాడా లేదా అన్నది అక్కడ ఎలా తేలుస్తారో, అందులో మనకేమి సంబంధమో చెప్పి కూర్చుంటాను.

ముందుగా నా రిపోర్టు సంగతి

ఇతరుల రిపోర్టుల గురించి మాట్లాడబోయే ముందు నాది చెప్పడం న్యాయం.

1983లో నన్ను తపాలు సెక్షను నుంచి పెన్షను సెక్షనుకు మార్చారు. నాకు పెన్షను రూల్సు తెలియవు. ముందున్న ఆయన చార్జి ఇచ్చి, తాళంచెవులు టేబుల్ మీద పెట్టి, ఆ సాయంత్రం బండికే వెళ్ళిపోయాడు. నేర్పినవారు లేరు. నేనూ సిగ్గుపడి ఎవరినీ అడగలేదు. ఆ రోజుల్లో మా శాఖలో ఒక అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షను ప్రతిపాదనలు నా చేతికి వచ్చాయి. అవి ఏ.జి. ఆఫీసు నుంచి మూడుసార్లు అభ్యంతరంతో తిరిగివచ్చాయి. ఒకసారి ఒక సంవత్సరం సర్వీసు వెరిఫికేషను లేదని, ఒకసారి గుర్తింపు చిహ్నాల పట్టిక లేదని, ఒకసారి ఫోటో మీద అధికారి సంతకం లేదని. ఆమె ప్రతిసారీ బస్సెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. "బాబూ, ఏం కాగితాలు కావాలో అన్నీ ఒక్కసారే చెప్పండి" అనేది. అన్నీ ఏమిటో నాకు తెలిస్తే గదా చెప్పడానికి!

ఆ ఏడాది మా అధికారి నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో "పని నిదానం. రూల్సు తెలియవు. ఎవరో ఒకరు వెంట ఉండి చూడాలి" అన్న అర్థం వచ్చేలా రాశారు. నిజం చెప్పాలంటే అందులో అబద్ధం లేదు. అయితే ఆ సంగతి నాకు తెలిసింది నాలుగేళ్ళ తరువాత, ప్రమోషను ప్యానెల్‌లో నా పేరు లేదని తెలిసిన రోజున. ప్రతికూల వ్యాఖ్యలు ఉద్యోగికి తెలియజేయాలన్న రూలు అప్పుడూ ఉంది. మా కార్యాలయంలో అది రూలుగానే ఉండిపోయింది.

రెండేళ్ళ ప్రమోషను పోయినందుకు చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడు ఆ బాధ లేదు. మిగిలిన బాధ వేరు. ఆ మాట 1984లోనే నన్ను పిలిచి చెప్పి, రూల్సు తెలిసిన సీనియరు పక్కన మూడు నెలలు కూర్చోబెట్టి ఉంటే, ఆ తల్లి అన్నిసార్లు బస్సెక్కేది కాదు. ఆ రిపోర్టు నా తప్పును నమోదు చేసిందే తప్ప దిద్దలేదు. ఈ మాట గుర్తుంచుకోమని కోరుతున్నాను. తరువాత చెప్పబోయేదంతా దీని చుట్టే తిరుగుతుంది.

అన్నట్టు, ఏ.సి.ఆర్.లోని ప్రతి ఎంట్రీని, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు దేవ్ దత్ కేసులో చెప్పింది 2008 మే నెలలో. నేను రిటైరైందీ ఆ ఏడే.

జి.పి. అంటే ఎవరు

మా పెద్ద మనవరాలు ఇక్కడే ఎం.బి.బి.ఎస్. చదివి, ఇంగ్లండు వెళ్ళి, అక్కడి అర్హత పరీక్షలు రాసి, ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో కుటుంబ వైద్యంలో శిక్షణకు చేరింది. 2024 వేసవిలో మా ఆవిడా నేనూ మూడు నెలలు ఆ అమ్మాయి దగ్గరే ఉన్నాం.

ఆ దేశంలో 1948 నుంచి ఎన్.హెచ్.ఎస్. అనే జాతీయ ఆరోగ్య సేవ నడుస్తోంది. జనం తామున్న ప్రాంతంలో ఒక జనరల్ ప్రాక్టీషనరు దగ్గర, అంటే జి.పి. దగ్గర పేరు నమోదు చేయించుకుంటారు. ప్రమాదాలు, గుండెపోటు వంటివి తప్పిస్తే, పెద్దాసుపత్రిలో స్పెషలిస్టును చూడాలంటే సాధారణంగా జి.పి. ఉత్తరం ఉండాలి. పసిపాపకు దగ్గొచ్చినా, కోడలికి దిగులు పట్టుకున్నా, తాతగారికి తల తిరిగినా మొదట చూసేది ఆ డాక్టరే. మన చిన్నప్పుడు మన ఊళ్ళల్లో ఎల్.ఎం.పి. డాక్టరుగారు ఉండేవారు, గుర్తుందా? ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరికి ఏ మందు పడదో ఆయనకు నోటికి వచ్చేది. ఆ ఉద్యోగమే ఇది, కాకపోతే దీనికి ప్రత్యేకమైన చదువూ, పరీక్షలూ ఉన్నాయి.

ఇవి అక్కడా మొదటినుంచీ లేవు. ఒకప్పుడు మెడికల్ డిగ్రీ ఉంటే చాలు, బోర్డు పెట్టుకునేవారు. 1952లో కుటుంబ వైద్యులు తమకంటూ ఒక కాలేజీ, అంటే వృత్తి సంస్థ, స్థాపించుకున్నారు. అదే నేటి రాయల్ కాలేజ్ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్. 1980ల మొదట్లో మూడేళ్ళ శిక్షణ తప్పనిసరి అయింది. 2007 నుంచి కొత్తగా శిక్షణ ముగించేవారు ఆ కాలేజీ పరీక్ష కూడా నెగ్గాలి. ఆ మూడేళ్ళలో కొంతకాలం ఆసుపత్రి వార్డుల్లో, కొంతకాలం జి.పి. క్లినిక్కులో పని. చేసే ప్రతి పనికీ లెక్క ఉంటుంది. నాకు ఆసక్తి కలిగింది అక్కడే.

రిపోర్టు ఎవరు రాస్తారు?

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఏదో టైపు చేస్తోంది. ఏమిటమ్మా అంటే, "నా ఆరు నెలల రివ్యూ తాతయ్యా" అంది.

"మీ రిపోర్టు ఎవరు రాస్తారు?"

"ముందు నేనే రాసుకుంటాను. తర్వాత మా సూపర్‌వైజరు రాస్తారు."

నేను నవ్వాను. తన కాన్ఫిడెన్షియల్ తానే రాసుకునే ఉద్యోగం భూమ్మీద ఉందని డెబ్బై నాలుగో ఏట తెలిసింది. అప్పుడు అమ్మాయి కుర్చీ లాగి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. రోగుల వివరాలున్న పేజీలు తెరవలేదు, తన మార్కుల పేజీలు మాత్రం చూపించింది.

దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. మన సర్వీసు రిజిష్టరు వంటిదే, కాని కంప్యూటరులో ఉంటుంది, ఎవరి రిజిష్టరు వారికి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మంచి కుటుంబ వైద్యునికి ఉండవలసిన పదమూడు సామర్థ్యాలను శీర్షికలుగా పెట్టారు. రోగితో మాట్లాడటం, వివరాలు రాబట్టటం, పరీక్ష చేయటం, నిర్ణయం తీసుకోవటం, ఒకే మనిషికి నాలుగు జబ్బులున్నప్పుడు సంబాళించటం, తోటివారితో కలిసి పనిచేయటం, నీతి నియమాలు, ఇలాగ. ప్రతి శీర్షిక కిందా శిక్షణలో ఉన్న డాక్టరు తాను ఎక్కడ ఉన్నాననుకుంటున్నాడో రాయాలి, రుజువు చూపాలి. తరువాత సూపర్‌వైజరు తన అభిప్రాయం రాస్తారు. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

అమ్మాయి మొదటి సంవత్సరం పేజీ చూసి నాకు గుండె ఝల్లుమంది. వరుసగా పదమూడు గళ్ళలోనూ "ఇంకా అభివృద్ధి అవసరం" అన్న అర్థం వచ్చే మాటే ఉంది. మన ఆఫీసుల్లో ఆ మాట పడితే ఇంక్రిమెంటు గల్లంతే. నా మొహం చూసి అమ్మాయి, "తాతయ్యా, పక్కన చూడండి" అంది. పక్కన "ఈ దశలో ఉండవలసినట్టే ఉంది" అని రాశారు. మొదటి రెండేళ్ళూ ఎవరికైనా మామూలుగా పడేది ఆ మాటేనట. శిక్షణలో ఉన్నవాడికి ఇంకా నేర్చుకోవలసింది ఉండదా? చివరికి స్వతంత్రంగా ప్రాక్టీసు చేయగలడన్న మాట పదమూడింటికీ రావాలి. మనం ప్రొబేషనులో చేరిన రోజునే సూపరింటెండెంటు అంత పని చేసి చూపాలన్నారు. ఇక్కడ చేరినవాడు ఎక్కడున్నాడు, ఎటు నడుస్తున్నాడు అని చూస్తున్నారు.

రుజువులు ఎక్కడివి?

మనకు డిపార్టుమెంటు టెస్టులుండేవి. పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసే అకౌంట్సు టెస్టు కూడా ఉండేది. అది పాసై కూడా జీతాల బిల్లు తప్పుల్లేకుండా కట్టలేని వారిని చూశాం. 1990లో అమెరికాలో జార్జ్ మిల్లర్ అనే వైద్య విద్యావేత్త ఈ సంగతినే నాలుగు మెట్లుగా చెప్పాడు. విషయం తెలిసి ఉండటం ఒక మెట్టు. ఎలా చేయాలో తెలిసి ఉండటం రెండో మెట్టు. చేసి చూపగలగటం మూడోది. రోజూ పనిలో నిజంగా చేస్తుండటం నాలుగోది. రాత పరీక్ష కింది మెట్లను కొలుస్తుంది. రోగికి కావలసింది పై మెట్టు.

అందుకని అక్కడ పై మెట్టును చూడటానికి పలు ఏర్పాట్లు చేశారు. రోగి ఒప్పుకుంటే డాక్టరు అతనితో మాట్లాడిన తీరును వీడియో తీసి, సూపర్‌వైజరు, శిక్షణ డాక్టరు కలిసి కూర్చుని చూస్తారు. చూసిన కేసుల మీద ఎందుకిలా చేశావని ప్రశ్నలు వేస్తారు. ఆఖరి సంవత్సరంలో డాక్టరు రాసిన 50 ప్రిస్క్రిప్షన్లు వెనక్కి తీసి, మోతాదు సరిగ్గా ఉందా, ఇంకో మందుతో పడుతుందా, రక్తపరీక్ష చేయించవలసి ఉందా అని డాక్టరు తానే తనిఖీ చేసుకోవాలి. వాటిలో కొన్నిటిని సూపర్‌వైజరు మళ్ళీ చూస్తారు. అచ్చంగా మన ఆడిట్ పార్టీ వోచర్లు తీసి చూసినట్టే, కాని డాక్టరే ముందు ఆడిటరు.

నాకు అన్నిటికన్న నచ్చింది మరొకటి. క్లినిక్కులో ఆ డాక్టరుతో పనిచేసేవారిని అభిప్రాయం అడుగుతారు. పది మందిని అడిగితే అయిదుగురు డాక్టర్లు, నర్సుల వంటి వారు, అయిదుగురు వైద్యం చేయనివారు. అంటే టెలిఫోను తీసే అమ్మాయి, అపాయింట్‌మెంట్లు రాసే గుమాస్తా! పేర్లు బయటపెట్టరు. ఈ డాక్టరు మర్యాదగా ఉంటుందా, చెప్పిన పని చేస్తుందా అని గుమాస్తాను అడిగే ఏర్పాటు గురించి విని నాకు కళ్ళు చెమర్చాయంటే నవ్వకండి. ఆఫీసులో ఎవరెలాంటివారో గుమాస్తాకు తెలియదా? ముప్పై అయిదేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. రోగుల చేత కూడా ప్రశ్నావళి పూర్తి చేయిస్తారు. డాక్టరు మీ మాట విన్నారా, మీకు అర్థమయ్యేలా చెప్పారా అని.

ఇవి కాక రెండు పరీక్షలు. ఒకటి కంప్యూటరు మీద విజ్ఞాన పరీక్ష. రెండవది సంప్రదింపు పరీక్ష. 2023 నవంబరు నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం, రోగుల్లా నటించేవారితో వీడియోలోనో ఫోనులోనో మాట్లాడాలి. పన్నెండు కేసులు, కేసుకు పన్నెండు నిమిషాలు. జబ్బు వివరాలు రాబట్టిన తీరు, వైద్యం నడిపిన తీరు, మనిషితో మెలిగిన తీరు అని మూడు విధాలుగా మార్కులు వేస్తారు.

ఏడాదికోసారి వీటన్నిటినీ ఒక ప్యానెల్ చూసి ఫలితం చెబుతుంది. వాటికి నెంబర్లున్నాయి. ఒకటి అంటే ప్రగతి సంతృప్తికరం. రెండు అంటే ఫలానా అంశంలో మెరుగుపడాలి, అదనపు కాలం అవసరం లేదు. మూడు అంటే అదనపు శిక్షణకాలం కావాలి. నాలుగు అంటే శిక్షణ నుంచి పంపివేత. అయిదు అంటే కాగితాలు అసంపూర్తి. మనకు బాగా పరిచయమైన మాట! ఆరు అంటే శిక్షణ పూర్తి. మూడో నాలుగో వస్తే అప్పీలుకు అవకాశం ఉంది.

మా ఇంటికి వచ్చిన మూడు

మేము అక్కడ ఉండగానే అమ్మాయికి మూడు వచ్చింది.

విజ్ఞాన పరీక్ష మొదటిసారే పాసైంది. ఆ వసంతంలో రాసిన సంప్రదింపు పరీక్షలో తప్పింది. జూలైలో ప్యానెల్ ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు అదనపు శిక్షణ. ఆ రాత్రి హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, ఎవరితోనూ అనకండి. సంబంధాలు వస్తున్నాయి. ఫెయిలైందంటే ఏమనుకుంటారు?" అని ఏడ్చింది. నాకూ ఏమీ తోచలేదు. 1987లో ప్యానెల్ జాబితా చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చున్న రోజు గుర్తుకువచ్చింది.

మరునాడు పొద్దున మనవరాలు తానే చెప్పింది. పరీక్షలో ఏ విభాగంలో మార్కులు తగ్గాయో దానికి తెలుసు. మనిషితో మెలిగే తీరులో. అంతకు ముందే సూపర్‌వైజరుతో కలిసి చూసిన ఒక వీడియోలోనూ అదే తేలిందట. పేరూ ఊరూ లేకుండా చెప్పింది. ఒక పెద్దాయన కడుపునొప్పి అని వచ్చాడు. ఈ అమ్మాయి అడగవలసినవన్నీ అడిగింది. ఎప్పటినుంచి, ఎక్కడ, ఆకలి ఉందా, బరువు తగ్గారా, అన్నీ. ఆయన మాటల మధ్యలో రెండుసార్లు, "మా అన్నకూ ఇలాగే మొదలైంది" అన్నాడు. రెండుసార్లూ ఈ అమ్మాయి తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. అన్నకు ఏమైందని అడగలేదు. ఆయన వచ్చింది ఆ మాట చెప్పుకోవటానికే. అన్న పేగు క్యాన్సరుతో పోయాడు.

"వీడియోలో చూసేదాకా ఆయన ఆ మాట అన్నట్టే నాకు తెలియదు తాతయ్యా" అంది. "మన దగ్గర ఓ.పి.లో పొద్దున్నే గుమ్మం దాటి బారు ఉండేది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. నేను అడగాలి, వాళ్ళు జవాబు చెప్పాలి. వాళ్ళు వేరే ఏదైనా మొదలుపెడితే ఆపేదాన్ని. అది నాకు అలవాటైపోయింది."

నాకు గుమ్మం దగ్గర నిలబడిన ఆ అటెండరు భార్య కనిపించింది. ఆమె కూడా చెబుతూనే ఉంది. నేనూ వినలేదు. తేడా ఒక్కటే. ఈ పిల్లకు తన తప్పు పక్కన కూర్చుని చూపించినవారు ఉన్నారు. దిద్దుకోవటానికి ఆరు నెలలు జీతంతో సహా ఇచ్చారు. ఫలానా ఫలానా పనులు చేయాలని ప్రణాళిక రాసి ఇచ్చారు. వారం వారం వీడియోలు చూస్తూ, రోగి ఏం భయపడి వచ్చాడు, ఏం ఆశించి వచ్చాడు అని అడగటం అలవాటు చేసుకుంది. 2025 మొదట్లో పరీక్ష నెగ్గింది, ప్యానెల్ ఆరు అని రాసింది. ఇప్పుడు జి.పి.గా పనిచేస్తోంది.

ఈ సంగతి సభలో చెప్పవచ్చునా అని ముందే అడిగాను. "చెప్పండి తాతయ్యా. మూడు రాకపోతే ఆ పెద్దాయన లాంటివాళ్ళ మాట ఇప్పటికీ వినేదాన్ని కాదు" అంది. మా అమ్మాయి కూడా ఇప్పుడు దాచటం మానేసింది.

లోపాలు లేవా?

ఉన్నాయి. పొగిడి కూర్చుంటే మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మొదటిది కాగితం. పగలంతా రోగులను చూసి వచ్చి రాత్రి పదింటికి ఆ కేసు నుంచి నేనేమి నేర్చుకున్నాను అని రాస్తుంటే, గళ్ళు నింపటానికే రాస్తున్నారా అనిపించింది. రాతపని పెరిగితే మనసు తగ్గుతుందన్నది మన అనుభవమే కదా.

రెండవది ఇంకా బరువైనది. మన దేశం వంటి చోట్ల చదివి వెళ్ళిన డాక్టర్లు, అక్కడే చదివిన నల్ల, ఆసియా జాతుల డాక్టర్లు కూడా, అప్పటి సంప్రదింపు పరీక్షలో తెల్ల డాక్టర్ల కంటే చాలా ఎక్కువగా మొదటిసారి తప్పుతున్నారని 2013లో ప్రొఫెసర్ అనీజ్ ఇస్మాయిల్ పరిశీలనలో తేలింది. వివక్ష కూడా ఒక కారణం కావచ్చునని ఆయన తోటి పరిశోధకుడితో కలిసి రాశారు. భారత సంతతి వైద్యుల సంఘం కోర్టుకు వెళ్ళింది. 2014 ఏప్రిల్‌లో జస్టిస్ మిటింగ్ పరీక్ష చట్టబద్ధమేనని తీర్పు చెబుతూనే, ఆ తేడాను తగ్గించే ప్రయత్నం చేయవలసిన బాధ్యతను కాలేజీకి గుర్తుచేశారు. ఆ తరువాత పరీక్ష పద్ధతి రెండుసార్లు మారింది. మార్కులు వేసేవారికి కూడా తప్పులుంటాయి. అవి బయటపడింది లెక్కలు బహిరంగంగా ఉన్నందువల్లే. రహస్య నివేదికలో అయితే అన్యాయం జరిగినా లెక్కకు దొరకదు.

మన సంగతి

మన దేశంలో ఈ శిక్షణ లేదనుకోవద్దు. నేషనల్ బోర్డు వారి డి.ఎన్.బి. ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్ళ కోర్సు ఉంది. లాగ్‌బుక్కు, మధ్యలో మూల్యాంకనం, థీసిస్, చివర రాత పరీక్ష, ప్రాక్టికల్ ఉంటాయి. కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో, కొన్ని ఎయిమ్స్‌లలో ఎం.డి. ఉంది. 2002 జాతీయ ఆరోగ్య విధానంలోనూ, 2017 విధానంలోనూ ఈ వైద్యం పెరగాలనే రాశారు. 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమాన్ని కూడా సామర్థ్యాల పద్ధతికి మార్చారు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టరు అన్న పేరుతో పి.హెచ్.సి. డాక్టరు గ్రామానికి వచ్చే కార్యక్రమం ప్రారంభించారు. డాక్టరు ఊళ్ళోకి రావటం మంచిదే. అయితే వచ్చే డాక్టరుకు కుటుంబ వైద్యంలో మూడేళ్ళ శిక్షణ ఇచ్చి, పక్కన కూర్చుని దిద్దటం మరో పని. ఆ పని మన దగ్గర ఇంకా చాలా జరగవలసి ఉంది.

అది లేనందువల్ల మనకేమి నష్టం? మన సభ్యులొకరి సంగతి చెబుతాను. గుండె డాక్టరు ఒక బి.పి. మాత్ర రాశారు. కిడ్నీ డాక్టరు ఇంకో పేరుతో బి.పి. మాత్ర రాశారు. రెండూ ఒకే మందు, కంపెనీలు వేరు. మన మిత్రుడు రెండూ వేసుకుని బాత్‌రూములో తల తిరిగి పడ్డాడు. ఇద్దరు డాక్టర్లూ తమ తమ పనిలో సమర్థులే. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూడవలసిన మనిషే మధ్యలో లేడు. అక్కడ 50 చీటీలు తీసి తనిఖీ చేయించేది ఆ మనిషిని తయారుచేయటానికే.

నాలుగు మనవులు

ఒకటి. మీ చీటీలు, రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో తేదీల వారీగా పెట్టండి. ఫైలు కట్టడం మనకు ఒకరు నేర్పాలా? ఊళ్ళో మీకు నమ్మకమైన ఒక డాక్టరుకు ఆరు నెలలకోసారి మొత్తం ఫైలు చూపించి, ఏ మందు ఎందుకో అడగండి. ఆయన చెప్పకుండా మీ అంతట మీరు ఏ మందూ మానవద్దు.

రెండు. ఆసుపత్రిలో శిక్షణ డాక్టరు వచ్చి పలకరిస్తే "పెద్ద డాక్టరు గారిని పిలవండి" అని విసుక్కోవద్దు. మీ దగ్గర నేర్చుకోకపోతే ఆ పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకోవాలి? పెద్దాయన వెనక ఉన్నారా అని మాత్రం అడగవచ్చు. అది మీ హక్కు.

మూడు. ఎవరైనా అభిప్రాయం అడిగితే "అంతా బాగుంది" అని రాసి ఇవ్వవద్దు. అది ఆశీర్వాదం కాదు. మీ మాట మధ్యలో ఆపేస్తే ఆపేశారని, అర్థమయ్యేలా చెబితే చెప్పారని మర్యాదగా రాయండి.

నాలుగు. మీ మనవడికో మనవరాలికో ఇంకా కొంతకాలం నేర్చుకోవాలి అని ఎవరైనా రాసి ఇస్తే, ఇంట్లో దాన్ని ఫెయిలు అనకండి. ఏ లోపం చెప్పారు, దిద్దుకోవటానికి ఏ సాయం చేస్తున్నారు అని అడగండి. సాయం ఏమీ లేకుండా లోపం మాత్రమే రాస్తే అప్పుడు కోప్పడదాం, అందరం కలిసి.

ఆ అటెండరు భార్యకు చివరికి పెన్షను వచ్చింది. నాలుగోసారి పంపే ముందు సిగ్గు విడిచి, పక్క సెక్షనులో ఉన్న సీనియరు దగ్గరికి ఫైలు పట్టుకెళ్ళి, ఏం తప్పుందో చూడమన్నాను. పది నిమిషాల్లో చూపించాడు. ఆ పది నిమిషాలు మొదటి రోజునే అడిగి ఉండవలసింది.

 బయట కాఫీ సిద్ధంగా ఉందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు.